ఎర బుట్టలో పడ్డ ఆఫ్రికా ఈగ కొత్త జాతేనా? తేల్చుకునే పద్ధతి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: టాంజానియాలో మొరొగొరో దగ్గర ఒక మామిడి తోటలో మిథైల్ యూజినాల్ (మగ పండు ఈగల్ని రప్పించే వాసన పదార్థం) ఎర పెట్టిన బుట్టల్లో 40కి పైగా పండు ఈగలు పడ్డాయి. కొన్నిటి వీపు కారునలుపు, కొన్నిటిది ఇటుక రంగు. పాత గుర్తింపు పట్టికతో చూస్తే ‘బాక్ట్రోసెరా ఇన్వేడెన్స్’ అని వస్తోంది, కొత్త జాబితాల్లో ఆ పేరే లేదు. ఇటుక రంగువి ఇంకా పేరు పెట్టని జాతి కావచ్చా? అయితే వర్ణించడం ఎలా?

జవాబు ముందే చెప్పేస్తాను. మీ బుట్టలో ఉన్నవి నల్లవీ ఎర్రవీ కలిపి దాదాపు ఖాయంగా బాక్ట్రోసెరా డోర్సాలిస్. నూజివీడులోనో జగిత్యాలలోనో బంగినపల్లి కాయకి గాటు పెట్టి గుడ్లు దించే పండు ఈగే అది. అలాగని మీ అనుమానం తీసిపారేసేదేం కాదు. ఇదే ఈగ ఇదే ఆఫ్రికాలో 2005లో కొత్త జాతిగా అచ్చయింది, పదేళ్లకి ఆ పేరు పక్కకు జరిగింది. ఎందుకు పెట్టారో, ఎందుకు తీశారో అర్థమైతే మీ ఈగల సంగతి సగం తేలినట్టే.

ముందు ఈగను దగ్గరగా చూడండి. 10 రెట్ల చేతి భూతద్దం చాలు. ముఖం పసుపు, మీసాల కింద రెండు గుండ్రటి నల్లచుక్కలు. వీపు పలకకి రెండు పక్కలా నిలువుగా రెండు పసుపు చారలు. నడుమ మూడో చార ఉండదు, ఉంటే మీరు చూస్తున్నది దోస, కాకర, సొర తీగల మీది ఈగ. వీపు చివర త్రికోణపు చిన్న పలక నిమ్మపండు పసుపు. పొట్ట పైభాగాన ఇంగ్లిషు ‘టీ’ అక్షరంలా నల్ల గుర్తు. రెక్క ముందంచున సన్నటి గోధుమ పట్టీ మొదటి నుంచి కొసదాకా తెగకుండా వస్తుంది. ఆ పట్టీ మధ్యలో తెగి, కొసన విడిగా ఒక మచ్చ మిగిలితే అది డోర్సాలిస్ కాదు, జొనాటా గానీ కరెక్టా గానీ. కరెక్టాకి ముఖం మీది రెండు చుక్కలూ కలిసి అడ్డగీతలా కనిపిస్తాయి. మన మామిడి తోటల్లో మిథైల్ యూజినాల్ బుట్ట విప్పితే ఈ మూడూ కలిసే ఉంటాయి. ఆఫ్రికాలో జొనాటా ఈజిప్టు, సూడాన్, మారిషస్, రీయూనియన్ల వైపు ఉంది.

ఇప్పటిదాకా చెప్పిన గుర్తుల్లో వీపు పలక అసలు రంగు ప్రస్తావన లేదు, గమనించే ఉంటారు. గొడవంతా దాని దగ్గరే మొదలైంది.

2003లో కెన్యా తీరప్రాంతంలో ఈ ఈగ కనబడింది. నైరోబీలోని ఇసిపే కీటక పరిశోధన కేంద్రం వాళ్లు దీన్ని డోర్సాలిస్ సముదాయానికి (డోర్సాలిస్‌ని పోలిన దగ్గరి జాతుల గుంపు) చెందిన ఆసియా ఈగగా నమోదు చేశారు, జాతి పేరు మాత్రం చెప్పలేదు. అదే ఏడాది టాంజానియాలోనూ దొరికింది. రెండేళ్లలో బెనిన్, సెనెగల్ దాకా పాకింది. డోర్సాలిస్‌ని 1912లో తైవాన్ నమూనాల నుంచి వర్ణించింది హెండెల్. ఆ ప్రామాణిక వర్ణనలో వీపు పలక ప్రధానంగా నలుపు. ఆఫ్రికా ఈగల్లో మాత్రం నలుపు నుంచి ఎర్రటి గోధుమ దాకా అన్ని ఛాయలూ ఉన్నాయి. అప్పటికే 1994లో డ్రూ, హాన్‌కాక్ ఇద్దరూ ఈ సముదాయాన్ని తిరగరాసి 52 జాతులుగా విడదీశారు, వాటిలో 40 కొత్తవి. ఆ పట్టికలో ఆఫ్రికా ఈగ ఏ గడిలోనూ ఇమడలేదు. శ్రీలంకలో పట్టిన కొన్ని ఈగలు మాత్రం దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. దాంతో డ్రూ, సురుటా, వైట్ ముగ్గురూ 2005లో బాక్ట్రోసెరా ఇన్వేడెన్స్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ‘దండెత్తి వచ్చేది’ అని అర్థం. రాత చూస్తే అన్నీ సక్రమంగానే ఉన్నాయి: సమాన నమూనాలు దొరికాయి, పుట్టిల్లు ఎక్కడో సూచించారు, పట్టికలో తేడా చూపించారు. దాన్ని తప్పు అనడం నాకు ఇష్టం లేదు. ఆనాటి సాక్ష్యానికి అది న్యాయమైన ప్రతిపాదన. లోపం ఒక్కటే. పోల్చి చూడాల్సిన డోర్సాలిస్ రంగులో ఎంత అటూ ఇటూ ఉంటుందో అప్పటికి ఎవరూ సరిగ్గా కొలవలేదు.

వర్గీకరణలో తేడా ఉండటం వేరు, తేడాల మధ్య గండి ఉండటం వేరు. నల్ల ఈగనీ ఎర్ర ఈగనీ పక్కపక్కన పెడితే రెండు జాతుల్లాగే ఉంటాయి. ఒక 100 ఈగల్ని ఛాయల వరసలో థర్మోకోల్ పలక మీద గుచ్చండి. నడుమ ఎక్కడా తెగకుండా నలుపు ఎరుపులోకి జారిపోతుంటే అది ఒకే జాతిలోని ఛాయాభేదం. నడుమ ఖాళీ కనబడితే, ఆ ఖాళీ రంగులోనే కాక ఇంకో సంబంధం లేని లక్షణంలోనూ అక్కడే కనబడితే, అప్పుడు ఆలోచించాలి.

2010 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి నడిపిన పరిశోధన కార్యక్రమంలో ఈ పోలిక ఒక్కో వైపు నుంచి సాగింది. ఆఫ్రికా ఈగనీ ఆసియా ఈగనీ ఒకే పంజరంలో వదిలితే తేడా లేకుండా జతకట్టాయి, పిల్లలకీ పిల్లలు పుట్టాయి. లాలాజల గ్రంథుల్లోని పెద్ద క్రోమోజోముల పట్టీలు కలిసిపోయాయి. మిథైల్ యూజినాల్ తిన్న మగ ఈగ దాన్ని ఏ వాసనలుగా మార్చుకుంటుందో చూస్తే రెండిట్లోనూ అవే రెండు పదార్థాలు. డీఎన్‌ఏలోనూ నిలకడగా నిలిచే తేడా దొరకలేదు. 2015లో షట్జ్, ఆయనతో పాటు చాలామంది నిపుణులు కలిసి ఇన్వేడెన్స్‌నీ, దాంతో పాటు బొప్పాయి ఈగగా పేరుపడ్డ పపాయేనీ డోర్సాలిస్‌లో కలిపేశారు. ఫిలిప్పైన్స్ పేరుతో ఉన్నది 2013లోనే పపాయేలో కలిసిపోయింది. అదే పరీక్షల్లో అదే సముదాయంలోని మరో జాతి కారంబోలే మాత్రం నిలబడింది, దాని వాసనా వేరు, జన్యు సాక్ష్యమూ వేరు. పరీక్ష నిజాయతీగా జరిగిందనడానికి నాకు ఇదే గుర్తు. అన్నిటినీ కలిపేసే పరీక్ష అయితే కారంబోలే కూడా పోయేది. 2016లో డ్రూ, రోమిగ్ ఇన్వేడెన్స్ వేరే జాతే అని మళ్లీ రాశారు, 2017లో షట్జ్ బృందం జవాబిచ్చింది. ఇవాళ వాడుకలో ఎక్కువమందిది డోర్సాలిసే. పాత పట్టిక పట్టుకున్నవాళ్లకి ఇన్వేడెన్స్ అని రావడానికి కారణం ఇదీ.

ఇది పేర్ల తగాదా మాత్రమే కాదు. వేరే జాతి అంటే పండ్ల ఎగుమతికి వేరే నిషేధ జాబితా, పండ్లలో ఈగని చంపే వేరే శుద్ధి పద్ధతికి మళ్లీ రుజువులు. ఒకే జాతి అని తేలితే హవాయిలో, తైవాన్‌లో, మన దగ్గర దశాబ్దాలుగా పోగైన పని అంతా ఆఫ్రికా రైతుకి నేరుగా పనికొస్తుంది. ఇసిపే 2006లో హవాయి నుంచి ఫోపియస్ అరిసానస్ అనే పరాన్నజీవి కందిరీగను తెప్పించింది. పేరు వేరుగా ఉన్న రోజుల్లోనే, బంధుత్వాన్ని నమ్మి చేసిన పని అది.

దీనికి ఎదురు ఉదాహరణ ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే ఆఫ్రికాలో నిజంగానే కొత్త పండు ఈగలు దొరుకుతున్నాయి. సెరటైటిస్ అనే మరో పండు ఈగల ప్రజాతిలోని సెరటైటిస్ రోజా 1887లో కార్ష్ వర్ణించిన పాత జాతి. దక్షిణ, తూర్పు ఆఫ్రికాల్లో జామ, పీచ్, మామిడి మీద ఉంటుంది. మైక్రోశాటిలైట్లు అనే, పదే పదే తిరిగి వచ్చే చిన్న డీఎన్‌ఏ గుర్తులతో చూస్తే దీనిలో రెండు గుంపులు విడిపోయాయి. పరిశోధకులు తొందరపడి పేరు పెట్టలేదు, ఆర్1, ఆర్2 అని అంకెలతో సరిపెట్టారు. తర్వాత పిల్ల పురుగుల ఆకారం, ఒంటి పైపూత రసాయనాలు, ఏ ఎత్తులో ఏది దొరుకుతుంది, ఏ ఉష్ణోగ్రతకి ఏది తట్టుకుంటుంది అని వరసగా చూశారు. ఒకటి పల్లపు వేడి నేలది, రెండోది చల్లటి ఎత్తు ప్రాంతాలది. మగ ఈగ నడిమి కాలి పిక్క భాగం వెడల్పులోనూ, దాని మీది నలుపు అంచులదాకా పాకే తీరులోనూ తేడా కనబడింది. ఆడ ఈగల్లో పైకి చూసి చెప్పడం కష్టం. ఇన్ని దారులూ ఒకే గండి దగ్గర కలిశాక 2016లో డి మేయర్, మ్వటవాలా, విర్జిలియో కలిసి ఆర్2కి సెరటైటిస్ క్విలిసీ అని పేరు పెట్టారు. రీయూనియన్ దీవిలో పండు ఈగల మీద పనిచేసిన సెర్జ్ కిలిసి పేరు అది. ఆ పేరు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇక పనిలోకి వద్దాం.

మీ నమూనాలతో మొదటి ఇబ్బంది అవన్నీ మగవి కావడం. మిథైల్ యూజినాల్‌కి వచ్చేది మగ ఈగే. ఆడదాని అండనిక్షేపకం (గుడ్లు దించే గొట్టం) మొన ఆకారం, పొడవు చూడకుండా ఈ సముదాయంలో కొత్త జాతి అంటే ఎవరూ ఒప్పుకోరు. రెండో ఇబ్బంది ఎర నూనె. చెక్క దిమ్మెను ఆల్కహాల్, మిథైల్ యూజినాల్, మలాథియాన్ పురుగుమందు 6:4:1 పాళ్లలో నానబెట్టడం మన రైతుల దగ్గర మామూలే. ఈగల్ని చంపడానికి అది సరే, మ్యూజియం నమూనాకి పనికిరాదు. నూనె తగిలిన ఈగ ఆరాక నల్లబడి కనిపిస్తుంది, వెంట్రుకలు అతుక్కుపోతాయి. వర్ణనకి పట్టేటప్పుడు ఎర దిమ్మెను ఈగలు పడే అడుగుకి తగలకుండా తీగతో పైన వేలాడదీయాలి, బుట్టను రోజు విడిచి రోజైనా ఖాళీ చేయాలి. వారం ఆగితే చీమలు కాళ్లూ తలలూ ఎత్తుకుపోతాయి. వేలాడే తీగకి గ్రీజు రాయడం మరవొద్దు.

కాబట్టి పండు నుంచి పెంచి తీసుకోండి. గాటు పడ్డ కాయల్ని, రాలిన పండ్లని తూచి, ఒక్కో పండుని ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. మూతలో కిటికీ కోసి సన్న జాలీ అతికించాలి. అడుగున జల్లెడ పట్టి, పెనం మీద వేడిచేసి చల్లార్చిన ఇసుక 2–3 సెం.మీ. పోయండి. పండు నేరుగా ఇసుక మీద కాక, కాస్త ఎత్తున తీగ జాలీ మీద ఉండాలి. చాలామంది పెంపకం చెడేది ఇక్కడే. మామిడి కుళ్లి రసం కారితే ఇసుక ముద్దయి, అందులో ప్యూపాలు (పురుగు ఈగగా మారే గూటి దశ) ఊపిరాడక కుళ్లిపోతాయి. రసం ఎక్కువైతే ఇసుక మార్చడమే దారి. పిల్ల పురుగులు పండు వదిలి ఇసుకలోకి దూకుతాయి. రెండు మూడు రోజులకోసారి జల్లెడ పట్టి ప్యూపాల్ని తీసి, ఏ పండువి ఆ పండువిగా విడివిడి డబ్బాల్లో వేయండి. 25–28 డిగ్రీల దగ్గర సుమారు పది రోజుల్లో ఈగలు బయటికొస్తాయి.

వచ్చీరాగానే చంపకండి. ఈ ఒక్క మాట పాటించక ఎన్ని ‘కొత్త జాతులు’ పుట్టబోయాయో. అప్పుడే వెలువడ్డ ఈగ లేత గోధుమ రంగులో, మెత్తగా ఉంటుంది. ఎండాక పొట్ట ముడుచుకుపోతుంది. పంచదార, ఈస్టు 3:1 పాళ్లలో, నీళ్లకి తడి దూది పెట్టి నాలుగైదు రోజులు పంజరంలో బతకనివ్వండి. రంగు నిండాక డీప్ ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచితే సరి. మీ ఇటుక రంగు ఈగలు బుట్టలో దొరికాయి కాబట్టి అవి ఎగిరే వయసువే, అయినా ఈ అనుమానం తీర్చుకోవడం మంచిది.

ఈ దశలోనే పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేసేయొచ్చు. గర్భిణి ఆడ ఈగని ఒక్కదాన్నే ఒక పంజరంలో పెట్టి, ఒక పండు ఇచ్చి గుడ్లు పెట్టనివ్వండి. ఆ ఒక్క తల్లి పిల్లల్లో నల్ల వీపూ ఎర్ర వీపూ రెండూ వస్తే రంగు తగువు అక్కడితో సరి. అలాంటి తల్లుల్ని ఐదారుగురిని పెట్టండి. చల్లగా పెరిగిన ఈగలు ముదురు రంగు తేలడం సాధారణం కాబట్టి, అదే తల్లి గుడ్లని రెండు ఉష్ణోగ్రతల్లో పెంచితే ఇంకా మంచిది. ఈ ఈగ మీ ప్రాంతంలో ఎలాగూ ఉంది కాబట్టి అక్కడే పెంచొచ్చు. బతికిన ప్యూపాల్ని మాత్రం జేబులో వేసుకుని సరిహద్దు దాటించకండి, చాలా దేశాల్లో అది నేరం.

గుచ్చే పద్ధతి. సన్న స్టెయిన్‌లెస్ సూదిని వీపు నట్టనడుమ నుంచి దించితే అక్కడి వెంట్రుకలు, గుర్తులు పోతాయి. నడిమి గీతకి కాస్త కుడిపక్కన దించండి, ఎడమ సగం చెక్కుచెదరకుండా మిగులుతుంది. గుచ్చే ముందే ఒక నడిమి కాలు తీసి 96 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి, డీఎన్‌ఏకి అది చాలు. సెరటైటిస్ మగ ఈగ అయితే నడిమి కాలు కాక వెనక కాలు తీయాలి, ఎందుకంటే అక్కడ నడిమి కాలే గుర్తింపు చీటీ. మొత్తం ఈగని ఆల్కహాల్‌లో దాచి, ఆ తర్వాత రంగు వర్ణించొద్దు. పసుపు చారలు నెలల్లో వెలిసిపోతాయి. అచ్చయిన వర్ణనల్లో ‘చారలు తెలుపు’ అని కనబడితే చాలాసార్లు ఆ తెలుపు సీసాదే.

చీటీ మీద దేశం, జిల్లా, ఊరు, దశాంశాల్లో అక్షాంశ రేఖాంశాలు, సముద్ర మట్టానికి ఎత్తు, తేదీ, పట్టినవారు, ఏ ఎర లేదా ఏ పండు. తేదీలో నెలని రోమన్ అంకెల్లో రాయడం ఆచారం, రోజూ నెలా తారుమారు కాకుండా. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, జాగ్రత్త.

పొట్ట కోతకి ముందు పొట్ట పైభాగాన్ని ఫోటో తీసుకోండి. ఆ తర్వాత నల్ల ‘టీ’ గుర్తు మిగలదు. పొట్టని విడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో గది ఉష్ణోగ్రతలో రాత్రంతా ఉంచితే మెత్తటి కండ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. తొందరుంటే వేడి నీటి గిన్నెలో పెట్టి 10–15 నిమిషాలు. అంతకు మించి ఉడికిస్తే అండనిక్షేపకం మొన గాజులా పారదర్శకమై అంచు కనబడదు. తర్వాత నీళ్లలో కడిగి, ఒక చుక్క పలచటి ఎసిటిక్ ఆమ్లంతో క్షారాన్ని విరిచి, గ్లిజరిన్‌లో కొలవండి. కొలిచాక గ్లిజరిన్ సహా చిన్న గొట్టంలో పెట్టి అదే ఈగ సూదికే గుచ్చాలి. వేరే పెట్టెలో పెట్టారంటే పదేళ్లకి ఏది దేని పొట్టో ఎవరికీ తెలియదు.

ఒక్కో చోటు నుంచి ఆడ 20, మగ 20 కొలవండి. రెక్క పొడవు కూడా పక్కనే రాయాలి, ఎందుకంటే పెద్ద ఈగకి అన్నీ పొడుగే. చిన్న కాయలో కిక్కిరిసి పెరిగిన ఈగ చిన్నదవుతుంది. మామిడిలో పెరిగినవాటిని తీర బాదం కాయలో పెరిగినవాటితో పోల్చి ‘పొడవు తేడా ఉంది’ అంటే మీరు కొలిచింది జాతిని కాదు, తిండిని.

డీఎన్‌ఏ విషయంలో ఒక హెచ్చరిక. అందరూ చేసే 658 అక్షరాల మైటోకాండ్రియా బార్‌కోడ్ మంచి మొదటి అడుగు. ఈ ఈగ బాక్ట్రోసెరానా సెరటైటిస్సా, డోర్సాలిస్ సముదాయందా కాదా అన్నది చెప్పేస్తుంది. ఆ సముదాయం లోపలికి వెళ్లాక చేతులెత్తేస్తుంది, డోర్సాలిస్ కారంబోలేల్ని కూడా దాంతో నమ్మకంగా విడదీయలేం. పైగా మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుంది, సంకరం జరిగినా తెలియదు. అందుకే కేంద్రకంలోని జన్యువులు కనీసం రెండు మూడు జత చేయాలి. ‘3 శాతం తేడా ఉంటే కొత్త జాతి’ అనే లెక్కని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

జతకట్టే పరీక్ష చేస్తే చిన్న డబ్బాలో చేయకండి. ఇరుకులో వేరే జాతులు కూడా జతకడతాయి. చెట్టు పట్టేంత పెద్ద జాలీ పంజరం కావాలి. వెలువడిన రెండు మూడు రోజుల్లోనే ఆడ మగ వేరుచేసి, రెండు వారాల వయసొచ్చాక, సాయంత్రం పొద్దుగూకే ముందు వదలాలి. డోర్సాలిస్ జతకట్టే వేళ అదే. మధ్యాహ్నం చూసి ‘జతకట్టలేదు’ అని రాసుకుంటే ఫలితం ఎందుకూ పనికిరాదు.

ఇన్ని దాటాక కూడా గండి నిలిచిందనుకుందాం. అప్పుడు పేరు. జంతునామ అంతర్జాతీయ నియమావళి ప్రకారం 1999 తర్వాత అచ్చయ్యే కొత్త జాతికి ఇవి తప్పవు: ఇది కొత్త జాతి అని స్పష్టంగా చెప్పాలి, మిగతావాటి నుంచి ఎలా వేరో రాయాలి, ఒకే ఒక్క ఈగని హోలోటైప్‌గా (పేరుకి శాశ్వత ఆధారమయ్యే నమూనా) ఎంచి అది ఏ మ్యూజియంలో ఉందో చెప్పాలి. ఆన్‌లైన్‌లోనే వెలువడే పత్రికైతే జంతువుల పేర్ల అధికారిక నమోదు పట్టీ జూబ్యాంక్‌లో ముందే నమోదు చేసి, ఆ ఆధారం వ్యాసంలోనే కనబడాలి. ఇది లేక పేరు చెల్లకుండా పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. బాక్ట్రోసెరా వ్యాకరణంలో స్త్రీలింగం కాబట్టి విశేషణం పెడితే అది కూడా స్త్రీలింగంలో ఉండాలి. ఇన్వేడెన్స్ వంటి పదానికి మూడు లింగాల్లోనూ ఒకే రూపం, ఆ చిక్కు లేదు. పేరుని వాట్సాప్‌లోనో పోస్టర్ మీదో ముందే బయటపెట్టకండి. థీసిస్‌లో ఉన్నంత మాత్రాన సాధారణంగా అచ్చయినట్టు కాదు.

హోలోటైప్‌కి మంచి మగ ఈగని, పెంచి తీసినదాన్ని ఎంచండి. పారాటైపులు, అంటే వర్ణనకి వాడిన మిగతా నమూనాలు, ఒకే చోట పోగేయకుండా పంచాలి: కొన్ని టాంజానియాలో, కొన్ని పండు ఈగల పెద్ద సేకరణ ఉన్న బెల్జియంలోని టెర్వురెన్ మ్యూజియం వంటి చోట, కొన్ని లండన్‌లో. అనుమతులు మొదటే తీసుకోండి. టాంజానియాలో పరిశోధన అనుమతి అక్కడి ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక సంస్థ కోస్టెక్ ఇస్తుంది. జన్యు వనరుల పంపకం మీది నగోయా ఒప్పందం 2014 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది, నమూనా దేశం దాటే ముందే కాగితాలు ఉండాలి. పోలికకి ఆంధ్ర, తెలంగాణ ఈగలు తెప్పించుకుంటానంటే మన జీవవైవిధ్య చట్టం, 2002 కూడా అడ్డొస్తుంది. ఆ చట్టం 39వ సెక్షన్ ప్రకారం మన దేశంలో దొరికిన కొత్త జాతి నమూనాని నిర్ణీత భాండాగారానికి అప్పగించాలి. నమూనాల్ని పార్సిల్‌లో తెప్పించుకునే కంటే బెంగళూరులోని జాతీయ కీటక వనరుల సంస్థ ఎన్‌బీఏఐఆర్ సేకరణకి వెళ్లి చూడటం, లేదా అక్కడివాళ్లని ఫోటోలు అడగడం తేలిక.

ఒకవేళ మీ పేరు రేపు డోర్సాలిస్‌లో కలిసిపోయినా అది చెరిగిపోదు. పర్యాయనామంగా జాబితాలో ఉంటుంది, ఎవరైనా కొత్త సాక్ష్యం తెస్తే లేస్తుంది. పాత వర్ణకుడి పేరు బ్రాకెట్లో రాయడం చూసే ఉంటారు: బాక్ట్రోసెరా డోర్సాలిస్ (హెండెల్, 1912). ఆయన అప్పట్లో దాన్ని డాకస్ అనే వేరే ప్రజాతిలో పెట్టాడు, తర్వాత ప్రజాతి మారింది కాబట్టి బ్రాకెట్లు.

మీ 40 ఈగలకి వస్తే, పదింటిని ఛాయల వరసలో గుచ్చి ఫోటో తీయండి, ఐదింటి కాళ్లు డీఎన్‌ఏకి పక్కన పెట్టండి, మిగతా సమయం పండ్ల పెంపకానికి ఇవ్వండి. ఫలితం డోర్సాలిస్ అని వస్తుందని నా పందెం. నిజంగా కొత్తది చూడాలని ఉంటే చూపు సెరటైటిస్ వైపు తిప్పండి. మీకు పక్కనే ఉలుగురు కొండలున్నాయి. పల్లం నుంచి పైకి ప్రతి 150–200 మీటర్ల ఎత్తుకి ఒక చోటు ఎంచి, మగవాటికి అల్లం నూనె నుంచి తయారైన ఎర, ఆడ మగ రెండిటికీ టొరులా ఈస్టు బిళ్లలు నీళ్లలో కలిపిన బుట్ట, రెండూ వేలాడదీయండి. ఈస్టు నీళ్ల బుట్టలో ఈగ నానుతుంది కాబట్టి దాన్ని రెండు రోజులకి మించి వదలొద్దు. ఏ ఎత్తులో నడిమి కాలి పిక్క తీరు మారుతుందో ఆ చీటీల్లోనే కనబడుతుంది.